తీర్పరి ఆగుతుందా

ఆరో రోజు. మట్టం: రెండు మూరల జానెడు.

ఈ పుస్తకంలో కుడివైపు పేజీలు మంచినీటి కుంట మట్టం రాయడానికి, ఎడమవైపు పేజీలు గమనికలు రాయడానికి. పదకొండేళ్లుగా కొంగలంకలో కొలబద్ద చూసే పని నాది. ఇన్నేళ్లలో ఎడమవైపు నేను రాసిన గమనిక ఒకే ఒక్కటి: "కొలబద్ద మీద కాకి వాలింది. తోలి మట్టం చూశాను." ఇంత కాగితం ఊరికే ఖాళీగా పోతోందని ఈ మధ్య నాకు దిగులు పట్టుకుంది. అందుకని ఇవాళ్టి నుంచి ఎడమవైపు నా సోది రాసుకుంటాను. అడిగే నాథుడు ఎలాగూ లేడు.

పొద్దున్నే మట్టం చూసి మీట నొక్కితే తీర్పరి అద్దం మీద నిన్నటి జవాబే, అంకె మాత్రం పెరిగి వచ్చింది: "చూస్తున్నాను. 1,812."

మా తొమ్మిది లంకల చుట్టూ ఉన్నదంతా ఉప్పునీరు. మంచినీళ్లు ఎగువ నుంచి ఒకే గొట్టంలో వస్తాయి. ఆ గొట్టం మీద ఏ లంక తలుపు ఎప్పుడు తెరవాలో తీర్పరి చెబుతుంది. తాతల కాలంలో మనుషులే తెరుచుకునేవారట. ఆ తగువుల్లో ముగ్గురి ప్రాణాలు పోయాక, తీర్పు లేకుండా తలుపు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని ఒట్టు పెట్టుకుని యంత్రానికి అప్పజెప్పారు. ప్రతి లంకా తన కట్టుబాట్లు రాసిస్తుంది, తీర్పరి వాటిని చదివి తీర్పు చెబుతుంది. మామూలుగా పూట కూడా పట్టదు. ఈసారి ఆరు రోజులైంది.

మా తలుపు ఎప్పుడు తెరవాలని ప్రశ్న పెట్టిన రోజే నా మేనకోడలు సత్యవేణి నారు పోసింది. కాబట్టి పైన వేసే రోజుల లెక్క నారు వయసు కూడా. నారు ముప్పై రోజులు దాటితే ముదిరిపోతుంది, ఆ తర్వాత నాటినా పిలకలు వెయ్యదు. ఇంకా బోలెడు టైముంది.

మొన్నటి ఈదురుగాలికి కాలవ ఎగదన్ని బడి బీరువాలోకి ఉప్పునీళ్లొచ్చాయి. తడిసిన పుస్తకాల్ని ఇంటికొకటి చొప్పున పంచడం మా దగ్గర ఆనవాయితీ. ఎవరికొచ్చింది వాళ్లు పేజీ పేజీ విడదీసి, గుడ్డ అద్ది, ఆరబెట్టి బడికి తిరిగివ్వాలి. లంక పెద్ద దొరబాబు గారికి వంటల పుస్తకం వచ్చింది. నాకు "గణిత తర్కం, గణనీయత: స్వయంగా నేర్చుకునేవారికి" వచ్చింది. నాలుగొందల పన్నెండు పేజీలు. మార్చుకుందామా అని ఆయన్ని అడుగుదామనుకుని, బాగోదేమోనని ఊరుకున్నాను.

పేజీ ఆరేదాకా ఎదురుగా పట్టుకు కూర్చోవాలి. కళ్ల ముందు అక్షరాలుంటే చదవకుండా ఎలా ఉంటాం? బళ్లో లెక్కల్లో నాకెప్పుడూ ముప్పై మార్కులు దాటలేదు. అయినా చదువుతున్నాను.

తొమ్మిదో రోజు. మట్టం: రెండు మూరలు.

ఈ పుస్తకం రాసినాయనతో నాకు పడేట్టు లేదు. "ఇది అయితే అది" అన్న మాటలో "ఇది" అబద్ధమైతే మొత్తం మాట నిజమేనట. అంటే "కాకి తెల్లగా ఉంటే వజ్రం మహారాణి" అన్నది నిజం. వజ్రం అంటే నేనే. కాకి తెల్లగా ఉండదు, నేను మహారాణినీ కాను, అయినా నిజమట!

రెండు రోజులు కొట్లాడాను. అన్నం వండుతూ కూడా కొట్లాడాను, అడుగంటింది. చివరికి మాడు గోకుతుంటే తోచింది. "నీ పాక కారితే నేను కప్పిస్తానమ్మా" అని దొరబాబు గారు అన్నారనుకుందాం. పాక కారలేదు, ఆయన కప్పించలేదు. ఆయన మాట తప్పాడని నేను ఊళ్లో చెప్పగలనా? చెప్పలేను. మాట తప్పకపోతే అది నిలబడ్డట్టే. అంతే సంగతి. ఈ ముక్క పుస్తకంలో ఉంటే నా అన్నం మాడేది కాదు.

మధ్యాహ్నం సత్యవేణి వచ్చింది. మోకాళ్ల దాకా మట్టి, మొహం నిండా నవ్వు.

"నారు చూత్తే కడుపు నిండిపోతందత్తా. చిలక రెక్కలాగుంది."

"గింజలేమన్నా పక్కన పెట్టావా?"

"ఎక్కడ పెట్టను? అరవై ఇళ్లకి తలా ఓ మడి రావాలంటే ఉన్నదంతా పొయ్యాలిగా. మొత్తం పోసేశాను."

అది మామూలు విత్తనం కాదు. ఉప్పుగాలికి ఓర్చుకునే వెన్ను ఎక్కడుందా అని చేలన్నీ తిరిగి, మూడేళ్లు గింజ గింజా ఏరి ఆ పిల్ల తయారు చేసిన వంగడం. ఈ నారు పోతే ఒక పంట పోవడం కాదు, విత్తనమే పోతుంది.

"కంగారెందుకత్తా? తీర్పరి అంకె రోజూ పెరుగుతుందిగా. దగ్గర పడ్డట్టేనని దొరబాబు తాతగారన్నారు."

ఇవాళ్టి అంకె 2,718. అద్దం దగ్గర జనం పోగయి, పెరిగింది పెరిగింది అని సంబరపడుతున్నారు.

పద్నాలుగో రోజు. మట్టం: మూరన్నర.

కుంటలో స్నానాలకి నీళ్లు ఆపేశాం. ఉప్పునీళ్లతో ఒళ్లు కడుక్కుని అందరం దురద పెట్టించుకుంటున్నాం.

నాలుగో అధ్యాయం పూర్తయింది. "అనుగమనం" అని పేరు గంభీరంగా ఉంది గానీ సంగతి మన బిందెల వరసే. రేవు నుంచి ఇంటిదాకా మనుషులు వరసగా నిలబడ్డారు. మొదటివాడి చేతికి బిందె వచ్చింది. బిందె అందుకున్న ప్రతివాడూ పక్కవాడికి అందిస్తాడు. ఈ రెండూ తెలిస్తే చాలు, వరస ఎంత పొడుగున్నా అందరి చేతికీ బిందె వస్తుంది. ఒక్కొక్కణ్నీ పోయి చూడక్కర్లేదు. అంతులేని వరసని రెండు మాటల్లో పట్టుకోవచ్చన్నమాట. ఇది అర్థమైనప్పుడు అరుగు మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. యాభై రెండేళ్లొచ్చాక ఇంత సుఖం దొరుకుతుందని ఎవరనుకున్నారు?

అధ్యాయం చివర పదహారు అభ్యాసాలున్నాయి. వాటిలో ఏడింటి కింద "రుజువు విద్యార్థికే వదిలేశాం" అని రాసి చేతులు దులుపుకున్నాడు. వదిలేసి పోవడానికి విద్యార్థి ఏమన్నా ఆంబోతా? తిట్టుకుంటూనే ఐదు చేశాను.

పదిహేడో రోజు. మట్టం: మూర మీద బెత్తెడు.

అంకె 5,134.

ఇప్పుడు చదువుతున్నది కాగితపు చుట్ట యంత్రం గురించి. పొడుగాటి కాగితం, గడికో అక్షరం. యంత్రం ఒక్కో గడీ చదువుతుంది, కావాలంటే చెరిపి రాస్తుంది, కుడికో ఎడమకో జరుగుతుంది. అంతకు మించి దానికి ఏ విద్యా రాదు. ప్రపంచంలో ఏ యంత్రం చేసే లెక్కనైనా ఈ మొద్దు యంత్రం చెయ్యగలదట. అంటే మా తీర్పరి కూడా లోపల ఇంతే. మేమేమో దానికి పెద్ద మెదడుందని దణ్ణం పెడుతున్నాం.

ఈ యంత్రాల్లో కొన్ని పని ముగించి ఆగుతాయి, కొన్ని ఎప్పటికీ ఆగవు. ఆ పేజీ ఆరకముందే మూసి దొరబాబు గారింటికి వెళ్లాను.

"తీర్పరి అసలు ఆగుతుందంటారా?" అని అడిగాను.

ఆయన తడిసిన వంటల పుస్తకానికి విసనకర్రతో విసురుతున్నారు. "అదేం మాటమ్మా? పెద్ద ప్రశ్నకి పెద్ద ఆలోచన. పనసపండు పండటానికి టైం పడతాది కదా."

"ఆగకపోతేనో?"

"ఆగదంటే ప్రశ్న ఎనక్కి తీసుకోవాలి. ఎనక్కి తీసుకుంటే మన వంతు పోయి ఆఖరికెళ్తాం. ఇరవై రోజులు. ఈలోగా నారు పోద్ది. తీరా మనం తీసుకున్న మర్నాడు చెప్పేదేమో! అప్పుడు ఊరు మన మొకాన ఉమ్మేత్తాది."

"మరి కూర్చుని అది ఎప్పటికీ చెప్పకపోతే?"

"అప్పుడూ పోద్ది" అని ఆయన విసనకర్ర కింద పెట్టారు. "ఏది చేసినా తప్పయ్యేలాగుంది వజ్రమ్మా. నువ్వు సదువుతున్న పుస్తకంలో ఏమన్నా ఉందేమో చూడు."

వెటకారంగా అన్నారో, నిజంగానే అన్నారో తెలీదు. ఆగేదో ఆగనిదో ముందే తెలిస్తే చాలు, ఏం చెయ్యాలో చిన్నపిల్లలైనా చెప్పగలరు. నేను మాత్రం నిజంగానే అన్నారనుకుని ఇంటికొచ్చాను.

ఇరవై ఒకటో రోజు. మట్టం: మూరెడు.

ఏడో అధ్యాయం పేరే "యంత్రం ఆగుతుందా?" ఆత్రంగా తెరిచాను. మొదటి పేజీలో ఒక సిద్ధాంతం ఉంది: "ఏ యంత్రాన్నిచ్చినా అది ఆగుతుందో ఆగదో తప్పకుండా చెప్పగల పద్ధతి లేదు." ఎందుకు లేదో చెప్పాల్సిన నాలుగు ఆకులు ఉప్పుకి అంటుకుపోయాయి. లాగితే చిరుగుతాయి. తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టి, నేనే ఎందుకో కనిపెడదామని కూర్చున్నాను. ఆయన నాకు వదిలెయ్యకపోయినా ఉప్పు నాకు వదిలేసింది.

మూడు రోజులు పట్టింది. దారి చూపించింది మా అన్నయ్య, సత్యవేణి నాన్న. చిన్నప్పుడు వాడు మహా పెంకి. "వీడిప్పుడు ఏడుస్తాడు" అంటే పళ్లికిలించేవాడు. "నవ్వుతాడు" అంటే ఆరున్నొక్క రాగం తీసేవాడు. వాడి గురించి వాడికి వినపడేలా ఏ జోస్యం చెప్పినా తప్పయ్యేది.

ఏ యంత్రం గురించైనా ఆగుతుందో ఆగదో చెప్పే జోస్యుడు యంత్రం ఒకటి ఉందనుకుందాం. దాన్ని కడుపులో పెట్టుకుని ఒక పెంకి యంత్రం కడతాను. పెంకిది జోస్యుణ్ని తన గురించే అడుగుతుంది. "నువ్వు ఆగుతావు" అంటే ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. "నువ్వు ఆగవు" అంటే టక్కున ఆగిపోతుంది. జోస్యుడు ఏం చెప్పినా తప్పే. తప్పు చెప్పని జోస్యుడని కదా అనుకున్నాం? కాబట్టి అలాంటి జోస్యుడు లేడు, ఉండబోడు.

అరుగు మీంచి దూకినంత పని చేశాను. ఒంటి మీద ధ్యాస లేకుండా నారుమడి దగ్గరికి పరిగెత్తి సత్యవేణికి మొత్తం చెప్పాను. వాళ్ల నాన్న కథకి నవ్వింది. అంతా విని నెమ్మదిగా అడిగింది.

"అంటే నా నారు సంగతి ఎవరూ చెప్పలేరనా అత్తా?"

దానికి పుట్టెడు దుఃఖమైన మాటని నేను పండగలా మోసుకొచ్చాను. ఆ పిల్ల గట్టు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. సిగ్గేసింది.

ఇరవై నాలుగో రోజు. మట్టం: జానెడున్నర.

ఆకులు విడిపోయాయి. లోపలున్నది నా రుజువే! పెంకి యంత్రానికి తన వివరం తనకి ఎలా అందుతుందో నేను తేల్చకుండా దాటేశాను, ఆయన ఒక పేజీ పెట్టి తేల్చాడు. మిగతాదంతా అచ్చం అదే. మొదటిసారి ఆయన మీద కోపం పోయింది.

నాలుగో ఆకు అడుగున సన్న అక్షరాలతో ఒక గమనిక ఉంది. అన్ని యంత్రాలకీ పనికొచ్చే ఒకే పద్ధతి లేదన్నంత మాత్రాన, ఫలానా ఒక యంత్రం సంగతి తెలుసుకోలేమని కాదు. ఆ ఒక్కదాన్ని కూర్చుని చదివితే దానికి సరిపడే రుజువు దొరకొచ్చు. అది విద్యార్థికే వదిలేశాడు.

ఈసారి తిట్టలేదు. కుడివైపు మట్టం పక్కనే రోజూ తీర్పరి అంకె కూడా వేశాను కదా, ఒకరోజు దాంట్లోంచి ముందురోజుది తీసివేసి చూశాను. 302, 302, 302. ఒక్క రోజు కూడా ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. దగ్గర పడుతున్న ఆలోచన ఇలా నడుస్తుందా?

ఇరవై ఐదో రోజు. మట్టం: జానెడు.

తొమ్మిది లంకల కట్టుబాట్ల నకళ్లూ ప్రతి లంకలోనూ ఒక పెట్టెలో ఉంటాయి. ఎవరైనా చదవొచ్చు, కాబట్టి ఎవరూ చదవరు. పొద్దున్న నుంచి అవి ముందేసుకుని కూర్చున్నాను. ఈ గొట్టం చివర ఇప్పుడు నీళ్లు కావలసినవి రెండే లంకలు: మాదీ, కాలవకి అవతలున్న నత్తలంకా.

మా కట్టుబాట్లలో పద్నాలుగోది ఇది: "నత్తలంక వారికి కూడా నీరు అవసరమైతే ముందు వారికే తెరవాలి. వారు మాకు వదిలితే మేము తిరిగి వారికే వదులుతాము. వారు ఎన్నిసార్లు వదిలితే అంతకు ఒకటి ఎక్కువసార్లు వదులుతాము."

చేతిరాత నాది.

పదకొండేళ్ల కిందటి ఉప్పెనలో మా కుంట పాడైతే నత్తలంక వాళ్లు వాళ్ల బియ్యం, వాళ్ల తాగునీళ్లు పడవల్లో వేసుకుని మాకు తెచ్చారు. వాళ్ల పిల్లలకి ఉన్నాయో లేవో కూడా చూసుకోలేదు. ఆ ఏడాదే నాకు ఈ ఉద్యోగం ఇచ్చారు, అక్షరాలు గుండ్రంగా ఉంటాయని కట్టుబాటు నన్నే రాయమన్నారు. ఏడుస్తూ రాశాను. "ఒకటి ఎక్కువసార్లు" అన్న ముక్క ఎవరూ చెప్పలేదు, నేనే కలిపాను.

నత్తలంక కాగితం తీశాను. రెండు నెలల తర్వాతి తేదీతో వాళ్లదీ ఒక వాక్యం ఉంది. పేర్లు తారుమారు, మిగతాదంతా మాదే. మర్యాదకి మర్యాద.

ఇన్నేళ్లూ ఏదో ఒక కుంట నిండుగా ఉండేది కాబట్టి ఆ రెండు వాక్యాలూ ఎదురుపడలేదు. ఈ ఏడు మొదటిసారి రెండూ అడుగంటాయి. తీర్పరి మా దగ్గరికొస్తే వాళ్లకి ముందు అంటున్నాం. వాళ్ల దగ్గరికెళ్తే మాకు ముందు అంటున్నారు. ఒకే లెక్క అచ్చం అలాగే రెండోసారి వస్తే తీర్పరి పట్టుకుని ఆపేస్తుంది, ఆ జాగ్రత్త దానికి ఉంది. కానీ ప్రతిసారీ అంకె ఒకటి పెరుగుతోంది, అందుకని దానికి ప్రతిదీ కొత్త లెక్కలాగే కనిపిస్తోంది. ఊరంతా చూసి సంబరపడిన అంకె, మేము ఒకళ్లకొకళ్లం "మీరే ముందు" అనుకున్న లెక్క.

బిందెల వరస వేసి చూశాను. మొదటిసారి తలుపు తెరుచుకోలేదు. ఏ సారి తెరుచుకోకపోయినా, అవతలి వాళ్లది ఒకటి ఎక్కువైంది కాబట్టి ఇవతలి వాళ్లు ఇంకోటి వదులుతారు, ఆ తర్వాతి సారీ తెరుచుకోదు. ఎప్పటికీ తెరుచుకోదు. నాలుగుసార్లు సరిచూశాను. ఇది ఆగదు.

అదే ఇద్దరిలో ఒక్కళ్ల వాక్యమే ఉంటే? వాళ్లు వదులుతారు, ఇవతలి వాళ్లు పుచ్చుకుంటారు, ఆగిపోతుంది. అదీ సరిచూశాను.

ఇరవై ఏడో రోజు. మట్టం: బెత్తెడు. మురికి.

నిన్నంతా దొరబాబు గారిని ఒప్పించడంతోనే సరిపోయింది. కట్టుబాటు కొట్టేస్తే ప్రశ్న వెనక్కి తీసుకోనక్కర్లేదు గానీ, తీర్పరి ఆలోచన మళ్లీ మొదటికొస్తుంది.

"ఇరవై ఆరు రోజుల ఆలోచనమ్మా! రేపే చెప్పబోతందేమో! బూడిదలో పోసిన పన్నీరైపోద్ది."

"చెప్పదండి. రుజువుంది."

"నీకు లెక్కల్లో ముప్పై దాటేయి కాదని మీ అన్నయ్య చెప్పేవోడు."

పైగా కాలవకి అవతలి వాళ్లతో మాట్లాడకుండా సంతకం పెట్టడం ఆయనకి బాగోదట. అందుకని ఇవాళ ఇద్దరం పడవెక్కి నత్తలంక వెళ్లాం. అక్కడి పెద్ద గంగాభవాని గారు డెబ్భై దాటిన మనిషి. ఉప్పెనలో మొదటి పడవ తోసుకొచ్చింది ఆవిడే. వస్తూ వస్తూ వాళ్ల కుంట చూశాను, అడుగున నెర్రెలు కనిపిస్తున్నాయి. అయినా మాకు చెంబుల నిండా మంచినీళ్లిచ్చి, ఆకులేసి, ఎండురొయ్యల వంకాయ కూర వడ్డించారు. దొరబాబు గారికి ఎదురుగా ఆవిడా కూర్చున్నారు.

"కానివ్వండి దొరబాబు గారూ."

"అబ్బెబ్బే, ముందు తమరు కానివ్వాలి."

"అతిథులండి. తమరు ముద్ద ఎత్తాకేనండి."

"పెద్దోరండి. తమరు కలపందే నేనెలా కలుపుతానండి?"

నాకు ఆకలి దంచేస్తోంది. నోరు తెరవబోయి ఆగాను. లెక్కపెట్టడం మొదలెట్టాను. ఆరు, ఏడు, ఎనిమిది. ప్రతిసారీ ఒకళ్ల కంటే ఒకళ్లు ఇంకాస్త వంగి మరీ అంటున్నారు. పద్నాలుగు. కూర చల్లారి పైన నూనె తేలింది. పందొమ్మిది.

"ఎన్నోసారికి తింటారండి మీరిద్దరూ?" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"పందొమ్మిదైంది. ఇరవయ్యోసారి తింటారా? వందోసారా? అంకె పెరుగుతోంది కదా, దగ్గర పడ్డట్టేనా దొరబాబు గారూ?"

ఆయన చెయ్యి ఆకు మీద అలాగే ఉండిపోయింది. గంగాభవాని గారు ముందు నవ్వడం మొదలెట్టి, ఏదో తట్టినట్టు ఆపేశారు. అప్పుడు రెండు కాగితాలూ తీసి ఆకుల మధ్య పరిచాను. ఈ వాక్యం రాసింది నేనే అని చెప్పాను. బిందెల వరసతో రుజువు మొత్తం చెప్పాను. దొరబాబు గారు మూడుచోట్ల ఆపి అడిగారు, మూడూ మంచి ప్రశ్నలే. ఆఖర్న "అయితే ఇది పనసపండు కాదన్నమాట" అన్నారు.

ఎవరో ఒకరు తమ వాక్యం కొట్టేయాలి. ఇద్దరూ కొట్టేస్తే ముందెవరో తేలక మళ్లీ కొత్త ప్రశ్న పెట్టాలి, దానికి టైం లేదు. ఒక్కళ్లే కొట్టేయాలి. కొట్టేసుకున్న వాళ్లకి ముందు నీళ్లు.

"మీది కొట్టేసుకోండి దొరబాబు గారూ."

"అయ్యో, అదేం మాటండి? మీది కొట్టేసుకోండి."

"అబ్బే, మీరే."

నాకిక ఒళ్లు మండింది.

"మాకు కావాలండి" అన్నాను. "మాకే ముందు కావాలి. మా నారుకి ఇంకా మూడు రోజులే ఉంది. విత్తనం గింజ లేదు. రాసిన చేత్తోనే కొట్టేస్తాను. మీరు మా తర్వాత తీసుకోండి."

పుట్టి బుద్ధెరిగి ఒకరింట్లో కూర్చుని అలాంటి మాట అనలేదు. చెవులు కాలిపోయాయి. దొరబాబు గారు తల దించేసుకున్నారు. గంగాభవాని గారు పెద్దగా ఊపిరి వదిలారు.

"మా నారుకింకా పది రోజులుంది తల్లీ. ఈ ముక్క మీరనరు, మేమెలా అంటామని నెల్లాళ్ల నుంచి కూకున్నాం. కొట్టెయ్యి, కొట్టెయ్యి. ఇంక అన్నం తినండి, నా మీదొట్టు."

ముందు నేనే తిన్నాను.

సాయంత్రానికి కొంగలంక చేరాం. దొరబాబు గారు సంతకం పెట్టారు. కొత్త కాగితం పెట్టి మీట నొక్కాను. 8,154 చెరిగిపోయింది. అద్దం మీద "చూస్తున్నాను. 1" అని వచ్చింది. అరవై ఇళ్ల వాళ్లూ అద్దం చుట్టూ మూగారు. సత్యవేణి నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగబడ్డాయి.

"తీర్పు: కొంగలంక తలుపు తెరవండి."

గొట్టంలో నీళ్ల చప్పుడు నాకు వినపడలేదు, జనం కేకలే వినిపించాయి.

ముప్పయ్యో రోజు. మట్టం: నాలుగు మూరలు.

మా కుంట నిన్ననే నిండింది, తలుపు ఇవాళ నత్తలంకకి తిరిగింది.

పొద్దున్నే తీర్పరి బాగోగులు చూసే తలుపుల కచేరీ నుంచి ఉత్తరం వచ్చింది. తీర్పరి ఇకముందు ఎక్కడ ఇరుక్కోబోతోందో ముందే చెప్పే పద్ధతి ఒకటి రాసి పంపమన్నారు. "అలాంటి పద్ధతి లేదు. రుజువు జతచేశాను. ఇరుక్కున్నప్పుడు కబురు పెడితే వచ్చి చదువుతాను" అని రాశాను. కాస్త మెత్తగా రాయమని దొరబాబు గారు బతిమాలారు. రుజువుని మెత్తగా రాయడం నాకు రాదు.

తర్వాత అందరం చేలోకి దిగాం. నారు పీకి కట్టలు కడుతుంటే సత్యవేణి నోటికి హద్దు లేదు, ఒకళ్లని పాడనివ్వదు, తనే పాడుతుంది. ఓ మడి నారు పూర్తిగా విత్తనానికే వదిలింది. నత్తలంక నుంచి పద్నాలుగు మంది సాయం వచ్చారు. వాళ్లతో గంగాభవాని గారు కూడా వచ్చి, వద్దంటున్నా వినకుండా చీర ఎగ్గట్టి నా పక్క వరసలో నిలబడ్డారు.

నాలుగు రోజులుగా మనసులో నలుగుతున్న మాట ఆవిడతో అన్నాను. "మీ వాక్యం కూడా కొట్టేయించుకోండమ్మా. ఇద్దరికీ సమానంగా ఉండేలా కొత్తది రాసుకుందాం. లేకపోతే కరువొచ్చిన ప్రతిసారీ మేమే ముందు తాగాల్సొస్తుంది. అది న్యాయం కాదు."

ఆవిడ నారుకట్ట విప్పుతూ నవ్వారు.

"మాది ఉండనీ తల్లీ. ఒక్కళ్లదే ఉంటే ఆగుద్దని నువ్వేగా రుజువు చేశావు?"

నాలుగుసార్లు సరిచూసుకున్న రుజువది, ఎక్కడా సందు లేదు. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులకీ బురద. అలాగే వంగి నాటడం మొదలెట్టాను.